ముందు పందెం గెలిచిందని పెద్ద పందెం దానిదే అనుకోరాదు

పెద్ద పందేనికి ముందు నాలుగు చిన్న పందేలు జరగడం, వాటిలో గెలిచినదాన్ని చూసి పెద్ద పందెం కూడా దానిదేనని జనం తీర్మానించడం ఎప్పటి నుంచో వస్తున్న ఆనవాయితీ. ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫలానా తిరునాళ్లలో మొదటి బహుమతి కొట్టిన జత వస్తున్నదంటే చాలు, కాడి మెడ మీద పడకముందే రచ్చబండ మీద ఫలితం ప్రకటించేవారు వూరికి పదిమంది వుంటారు. వారి జోస్యం ఒక్కొక్కసారి నిజమవుతుంది, ఒక్కొక్కసారి బోర్లాపడుతుంది. బోర్లాపడినప్పుడు నేల మెత్తగా వున్నదనో, తోలినవాడు మారాడనో, వలపటి గిత్తకు ఒంట్లో బాగులేదనో కారణాలు చెబుతారు. ఆ కారణాలు నిజమైనవే. కాకపోతే అవి పోటీ అయిన తర్వాత వెతకవలసినవి కావు, ముందే చూడవలసినవి.

గుర్రప్పందేల్లో ఈ పొరపాటు ఖరీదు మరీ ఎక్కువ. అక్కడ జోస్యం రచ్చబండ మీద ఆగదు, జేబులోకి చేయి పెడుతుంది. హైదరాబాదు మలక్‌పేట మైదానానికి బస్సెక్కి వెళ్లేవారు వెనకటికీ వున్నారు. ఇప్పుడు వూళ్లో కూర్చుని సెల్‌ఫోనులోనే పందెం ఒడ్డే కుర్రకారు కూడా తయారయింది. వీరిలో చాలామంది చూసేది ఒక్కటే: కిందటి పందెంలో ఏ గుర్రం గెలిచింది? ఆ ఒక్క ముక్క ఆధారంగా డబ్బు పెడుతున్నారు. ఆ ఆధారం ఎంత బలమైనదో తేల్చుకోవాలంటే అమెరికాలో జరిగే కెంటకీ డెర్బీని చూడాలి. అక్కడ పాల్గొనే ప్రతి గుర్రం పూర్వచరిత్ర, పరిగెత్తిన ప్రతి పందెం, పట్టిన సమయం సెకన్లతో సహా అచ్చులో దొరుకుతాయి. వాటిని చదవడమే వృత్తిగా బతికేవారు వందల సంఖ్యలో వున్నారు. ఇన్ని లెక్కలు వున్నచోట జోస్యాల గతి ఏమిటో తెలిస్తే, ఏ లెక్కా లేకుండా చెప్పే జోస్యం విలువ దానంతట అదే తెలుస్తుంది.

డెర్బీకి దారి

కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ నగరం వుంది. అక్కడి చర్చిల్ డౌన్స్ మైదానంలో 1875 నుంచి ఏ ఏడూ తప్పకుండా డెర్బీ జరుగుతున్నది. మామూలుగా మే నెల మొదటి శనివారం దాని రోజు. దూరం పది ఫర్లాంగులు, అంటే మైలుంపావు. మూడేళ్ల వయసు గుర్రాలకే ప్రవేశం. ఎడ్లలో రెండు పళ్ల గిత్త ఎలాంటిదో గుర్రాల్లో మూడేళ్లది దాదాపు అలాంటిది. బలం వచ్చి వుంటుంది, నిలకడ ఇంకా పూర్తిగా వచ్చి వుండదు. ఈ నెలలో ఒకలా వున్న గుర్రం వచ్చే నెలలో మరొకలా వుంటుంది. పైగా ఒక గుర్రానికి జన్మలో ఈ పందెం ఒక్కసారే.

డెర్బీలో ఇరవై గుర్రాలకు మించి చోటు లేదు. ఆ ఇరవై ఏవో తేల్చడానికి 2013 నుంచి పాయింట్ల పద్ధతి పెట్టారు. ముందటి సంవత్సరం సెప్టెంబరు మొదలుకొని ఏప్రిల్ దాకా వేర్వేరు రాష్ట్రాల్లో ముందు పందేలు జరుగుతాయి. వీటిలో చివరగా వచ్చేవి పెద్దవి. ఫ్లారిడా డెర్బీ, కాలిఫోర్నియాలో శాంటా అనీటా డెర్బీ, ఆర్కన్సా డెర్బీ, లూయిసియానా డెర్బీ, న్యూయార్కులో వుడ్ మెమోరియల్, కెంటకీలోనే జరిగే బ్లూ గ్రాస్ ఈ కోవలోవి. ఒక్కొక్కటి గెలిచిన గుర్రానికి 100 పాయింట్లు, రెండో దానికి 50. వీటిలో ఒకటి గెలిస్తే డెర్బీలో చోటు ఖాయమయినట్టే. ఇవి ముగిసిన తర్వాత డెర్బీకి మూడు నాలుగు వారాల గడువు వుంటుంది. జోస్యాలకు అదే అదను.

లెక్కలు చెప్పే మాట

ముందు పందేలు బొత్తిగా పనికిరావని అనేవారు కొందరున్నారు. ఆ మాట సరికాదు. 2013 నుంచి 2018 దాకా వరసగా ఆరేళ్లు జనం ఎక్కువ డబ్బు పెట్టిన గుర్రమే డెర్బీ గెలిచింది. ఆర్బ్, కాలిఫోర్నియా క్రోమ్, అమెరికన్ ఫారో, నైక్విస్ట్, ఆల్వేస్ డ్రీమింగ్, జస్టిఫై అనే ఈ ఆరూ తమ ఆఖరి ముందు పందేన్ని గెలిచి వచ్చినవే. వీటిలో అమెరికన్ ఫారో 2015లోనూ, జస్టిఫై 2018లోనూ డెర్బీతో పాటు ప్రీక్‌నెస్, బెల్మాంట్ పందేలు కూడా గెలిచి ముప్పేట కిరీటం సాధించాయి. అంతకు ముందు 1978 నుంచి 37 సంవత్సరాల పాటు ఏ గుర్రానికీ ఆ ఘనత దక్కలేదు. కాబట్టి ఆ ఆరేళ్లూ ముందు పందేలను నమ్మినవారు తెలివైనవారని అనిపించుకున్నారు.

అయితే 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఒక్కసారి కూడా జనం మెచ్చిన గుర్రం గెలవలేదు. 2019లో విజేతగా తేలిన కంట్రీ హౌస్ ఆర్కన్సా డెర్బీలో మూడోది. 2021 విజేతగా రికార్డుకెక్కిన మాండలూన్ లూయిసియానా డెర్బీలో ఆరోది. 2022 విజేత రిచ్ స్ట్రైక్ తన ముందు పందెంలో మూడోది. 2023 విజేత మేజ్ ఫ్లారిడా డెర్బీలో రెండోది. 2024 విజేత మిస్టిక్ డాన్ ఆర్కన్సా డెర్బీలో మూడోది. 2025 విజేత సావరిన్టీ ఫ్లారిడా డెర్బీలో రెండోది. కరోనా మూలంగా డెర్బీ సెప్టెంబరుకు వాయిదా పడిన 2020లో గెలిచిన ఆథెంటిక్ ఒక్కటే తన ఆఖరి ముందు పందెం గెలిచి వచ్చింది.

ఆరేళ్లు నిజం చెప్పిన కొలబద్ద తర్వాత ఏడేళ్లలో ఎందుకు తప్పింది? గుర్రాలు మారలేదు, మైదానం మారలేదు. కొలబద్ద ఏమి కొలుస్తున్నదో చూసేవారు సరిగ్గా గ్రహించకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ముందు పందెం ఫలితం ఆ రోజు, ఆ నేల మీద, ఆ పోటీదారుల మధ్య ఏది ముందు వచ్చిందో చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పదు. మిగిలినది చూసేవాడు కష్టపడి రాబట్టుకోవలసిందే.

తేడా ఎక్కడ వస్తున్నది

మొదటి తేడా దూరం. పెద్ద ముందు పందేలు చాలా వరకు తొమ్మిది ఫర్లాంగులే. డెర్బీ పది. ఒక్క ఫర్లాంగు పెద్ద తేడా కాదనిపించవచ్చు. కాని తొమ్మిదో ఫర్లాంగు చివర ఆయాసపడుతూ గీత దాటిన గుర్రానికి పదో ఫర్లాంగు కొండంత. బండలాగుడులో మొదటి పది నిమిషాలు బాణంలా దూసుకుపోయి, గంట మోగే వేళకు అడుగు తీసి అడుగు వేయలేని జతను చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

రెండవది గుంపు. ముందు పందెంలో అయిదు నుంచి పన్నెండు గుర్రాలు వుంటాయి. డెర్బీలో ఇరవై. లక్షన్నర దాకా జనం, వారి కేకలు, పక్కనుంచి తోపులాట, ముందున్నవాటి కాళ్ల కింది నుంచి ముఖాన కొట్టే మట్టి వుంటాయి. ఖాళీ బాట మీద ఒంటరిగా దౌడు తీయడానికి అలవాటుపడ్డ గుర్రం ఆ గుంపులో బెదురుతుంది.

మూడవది వేగం తీరు. ముందుకు దూకే స్వభావం వున్న గుర్రాలు ఒక పందెంలో ఎక్కువయితే అవి ఒకదానితో ఒకటి పోటీపడి మొదటి సగంలోనే శక్తి అంతా పోగొట్టుకుంటాయి. అప్పుడు వెనక నింపాదిగా వచ్చేదానికి లాభం. ముందుకు దూకేది ఒక్కటే వుంటే, దాన్ని అడ్డేవారు లేక, అదే హాయిగా గెలుస్తుంది. గుర్రం ఒకటే అయినా చుట్టూ వున్నవి మారితే ఫలితం మారుతుందన్నమాట.

నాల్గవది తయారీ. తెలివిగల శిక్షకుడు తన గుర్రాన్ని మే మొదటి శనివారానికి పదును పెడతాడు గాని మార్చి నెలాఖరుకు కాదు. చోటుకు సరిపడా పాయింట్లు ముందే చేతికి వచ్చి వుంటే, ఆఖరి పందెంలో గుర్రాన్ని అరగదీయవలసిన అవసరం అతనికి వుండదు. మార్చిలోనే పూర్తి పదునెక్కిన గుర్రం మే నాటికి మొద్దుబారే ప్రమాదం కూడా వుంది.

ఓటమిని చదవడం

ఈ నాలుగు తేడాలను లెక్కలోకి తీసుకుంటే కొన్ని ఓటములు గెలుపుల కంటె ఎక్కువ మాట్లాడతాయి. వీటిలో అన్నిటికంటె పేరుపొందినది 1973 నాటిది. ఆ ఏడు సెక్రటేరియట్ అనే గుర్రం మీద దేశమంతా ఆశ పెట్టుకున్నది. డెర్బీకి రెండు వారాల ముందు వుడ్ మెమోరియల్‌లో అది మూడో స్థానానికి పడిపోయింది. యాంగిల్ లైట్ గెలిచింది, షామ్ రెండోది. ఇంకేముంది, దీని పని అయిపోయిందని, దూరం నిలవలేదని పత్రికలు రాశాయి. అసలు సంగతి దాని నోట్లో కురుపు లేచింది. కళ్లెం తగిలితే నొప్పి పుట్టే గుర్రం తల ఎత్తి ఎలా పరిగెడుతుంది? కురుపు తగ్గింది. డెర్బీలో సెక్రటేరియట్ పది ఫర్లాంగులను 1 నిమిషం 59.4 సెకన్లలో ముగించింది. ప్రతి రెండు ఫర్లాంగుల ముక్కను అంతకు ముందు ముక్క కంటె తక్కువ సమయంలో పరిగెత్తడం మరీ విశేషం. ఆ రికార్డును 2025 దాకా ఏ గుర్రమూ చెరపలేకపోయింది. రెండు వారాల ముందు షామ్ దానిని ఓడించింది కదా అని షామ్ మీద డబ్బు పెట్టినవారికి షామ్ రెండో స్థానమే చూపించింది.

2023లో మేజ్ సంగతి కూడా ఇలాంటిదే. ఫ్లారిడా డెర్బీలో అది ముందుగానే వూపందుకుని అన్నిటినీ దాటి పోయింది. చివర ఫోర్టే వచ్చి దాన్ని పట్టుకున్నది. ఫలితం చూసినవారికి ఫోర్టే గొప్ప, మేజ్ తక్కువ. పరుగు చూసినవారికి వేరే సంగతి కనిపించింది. మేజ్‌కు అది జన్మలో మూడో పందెం మాత్రమే. రెండేళ్ల వయసులో అది ఒక్కసారి కూడా పరిగెత్తలేదు. పోటీల అలవాటే లేని గుర్రం అంత పోరాటం చేసిందంటే ఇంకా ఎదిగే వీలు దానికి వుందని అర్థం. డెర్బీ దాని నాలుగో పందెం. అదే గెలిచింది.

2025లో సావరిన్టీ మరింత మంచి పాఠం. ఫ్లారిడా డెర్బీలో అది టాపన్ స్ట్రీట్ చేతిలో ఓడింది. అయితే అంతకు ముందు ఫౌంటెన్ ఆఫ్ యూత్ పందెం గెలిచి 50 పాయింట్లు సంపాదించుకుని వుంది. కనుక ఫ్లారిడాలో ప్రాణం పెట్టి పరిగెత్తవలసిన గత్యంతరం లేదు. దాని మీద అలవాటుగా స్వారీ చేసే జాకీ జూనియర్ అల్వరాడో గాయపడి వుండడంతో ఆ రోజు మరొకరు ఎక్కారు. అన్నిటికీ మించి 2024 అక్టోబరులో అదే చర్చిల్ డౌన్స్ నేల మీద అది అయిదు గుర్రాల పొడవు తేడాతో ఒక పందెం గెలిచి వుంది. వెనక నుంచి వచ్చి దాటే స్వభావం దానిది. ఈ నాలుగు ముక్కలూ డెర్బీకి ముందే అందరికీ తెలిసినవి. అయినా జనం ఎక్కువ డబ్బు జర్నలిజం అనే గుర్రం మీద పెట్టారు. బాట బురదగా వున్న ఆ సాయంత్రం సావరిన్టీ గెలిచింది, జర్నలిజం రెండోది.

గెలుపును చదవడం

ఓటమిని చదివినట్టే గెలుపును కూడా చదవాలి. పైన చెప్పిన జర్నలిజం శాంటా అనీటా డెర్బీ గెలిచి వచ్చింది. కాని ఆ పందెంలో పాల్గొన్నవి అయిదే గుర్రాలు. డెర్బీలో పందొమ్మిది పరిగెత్తాయి. అయిదింటిలో గెలుపూ పందొమ్మిదింటిలో గెలుపూ ఒకటి కావు. జర్నలిజం చెడ్డ గుర్రమని దీని భావం కాదు. రెండు వారాలకే అది ప్రీక్‌నెస్ గెలిచింది. జూన్‌లో బెల్మాంట్‌లో మళ్లీ సావరిన్టీకి తలవంచి రెండోది వచ్చింది. మంచి గుర్రమే, కాకపోతే జనం కట్టిన వెల ఎక్కువ.

2024లో ఫియర్స్‌నెస్ ఉదంతం ఇంకా స్పష్టమైనది. ఫ్లారిడా డెర్బీని అది పదమూడున్నర గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. అంత తేడా చూసిన కళ్లకు ఇంకేమీ ఆనలేదు. కాని దాని పూర్వచరిత్ర తిరగేస్తే ఒక వరస కనపడుతుంది. మొదటి పందెం గెలిచింది, రెండో పందెంలో ఏడో స్థానం. మూడోది ఘనంగా గెలిచింది, నాలుగోదానిలో వెనకబడింది. అయిదోది ఈ పదమూడున్నర పొడవుల గెలుపు. ఒకటి మంచి, ఒకటి చెడ్డ. తనంతట తాను ముందు సాగితే దానికి ఎదురులేదు, ఎవరైనా పక్కన నిలబడితే దానికి మనసుండదు. డెర్బీలో అది పదిహేనో స్థానంలో వచ్చింది. గెలిచిన మిస్టిక్ డాన్ లోపలి కంచె వెంబడే సాగి దూరం ఆదా చేసుకుని, ఫొటో చూసి తేల్చవలసినంత స్వల్ప తేడాతో, అంటే ముక్కు తేడాతో, బయటపడింది. ఫియర్స్‌నెస్ అదే ఏడు తర్వాత ట్రావర్స్ అనే పెద్ద పందెం గెలిచి తన బలం చూపింది. బలం ఎన్నడూ సందేహం కాదు, నిలకడే సందేహం.

కాబట్టి ముందు పందేల తర్వాత గుర్రాన్ని తూచవలసిన పద్ధతి సంతలో గిత్తను తూచే పద్ధతే. మోపురం చూసి, కొమ్ములు చూసి బయానా ఇచ్చే రైతు వుండడు. పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నడిపించి చూస్తాడు, ఏ నేలలో దున్నిందో అడుగుతాడు, ఎందుకు అమ్ముతున్నావని కూడా అడుగుతాడు. గుర్రం విషయంలోనూ చివరి ఫర్లాంగు ఎలా పరిగెత్తింది, ఎందరి మధ్య గెలిచింది, తోపులాట తట్టుకున్నదా, అసలు నేల మీద ఎప్పుడైనా పరిగెత్తిందా, స్వారీ చేసేవాడు అలవాటైనవాడేనా అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబులు లేనప్పుడు గెలిచిందన్న ఒక్క మాట మోపురం లాంటిది.

ఎవరికీ అందనిది

ఇంత తూచినా చేతికి అందనిది కొంత మిగిలే వుంటుంది. 2022లో రిచ్ స్ట్రైక్‌కు డెర్బీలో చోటే లేదు. ముందు రోజు ఉదయం ఒక గుర్రాన్ని తప్పించడంతో ఖాళీ ఏర్పడి అది లోపలికి వచ్చింది. దాని మీద ఒకటికి ఎనభై ఇస్తామన్నా పెట్టేవారు కరవయ్యారు. ఆ రోజు ముందు గుర్రాలు మొదటి రెండు ఫర్లాంగులను 21.78 సెకన్లలో పరిగెత్తాయి. డెర్బీ చరిత్రలో అంత వేగమైన మొదలు లేదు. ముందువన్నీ అలసిపోయాయి, రిచ్ స్ట్రైక్ వెనక నుంచి సందుల్లో దూరి వచ్చి జనం మెచ్చిన ఎపిసెంటర్‌ను చివరి గజాల్లో దాటింది. ఆ తర్వాత అది ఒక్క పందెం కూడా గెలవలేదు.

2009లో మైన్ దట్ బర్డ్ ఇంకా విచిత్రం. న్యూ మెక్సికో రాష్ట్రంలో జరిగిన ముందు పందెంలో అది నాలుగోది. కాలు విరిగి చంకకర్రల మీద నడుస్తున్న శిక్షకుడు దానిని బండికి తగిలించిన ట్రెయిలర్‌లో పెట్టుకుని వందల మైళ్లు తానే నడుపుకుంటూ కెంటకీ చేరాడు. ఒకటికి యాభై చొప్పున వెల కట్టిన ఆ గుర్రం బురద బాట మీద ఆరుముప్పావు పొడవుల తేడాతో గెలిచింది. ఇలాంటి గెలుపును ముందే చెప్పానని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

మెచ్చిన గుర్రం పందెం దాకా రాకపోవడమూ వుంది. 2023లో ఫోర్టేను పాదం కమిలిందని పందెం రోజు ఉదయమే ప్రభుత్వ పశువైద్యుడు తప్పించాడు. 2009లో ఐ వాంట్ రివెంజ్‌నూ అలాగే ఆ ఉదయమే తప్పించారు. సావరిన్టీని ఫ్లారిడాలో ఓడించిన టాపన్ స్ట్రీట్ ఎముక గాయంతో 2025 డెర్బీకే రాలేదు. గీత ముందు దాటినంత మాత్రాన గెలుపు దక్కుతుందని కూడా లేదు. 2019లో ముందు వచ్చిన మాక్సిమం సెక్యూరిటీ దారి మార్చి ఇతర గుర్రాలకు అడ్డుపడిందని దానిని దించారు. 2021లో ముందు వచ్చిన మెడీనా స్పిరిట్ రక్తంలో నిషిద్ధ మందు కనిపించినందున ఆ గెలుపును తర్వాత రద్దు చేశారు. మాండలూన్‌ను విజేతగా రాశారు గాని, పందెం రోజున మాండలూన్ మీద గెలుపు పందెం కట్టినవారికి కానీ కూడా రాలేదు. ఆ రోజు చెల్లింపు ఆ రోజుతోనే సరి.

ఈ ఆటలో మూగజీవం సంగతి కూడా మరవరాదు. 2023లో చర్చిల్ డౌన్స్‌లో కొద్ది వారాల వ్యవధిలో 12 గుర్రాలు చనిపోవడంతో మిగిలిన పందేలను జూన్‌లో వేరే మైదానానికి మార్చవలసి వచ్చింది. ఫోర్టేను ఆ ఉదయం ఆపినందుకు పందెంరాయుళ్లు సణిగారు. ఆపడమే న్యాయం. బండలాగుడులో కుంటుతున్న గిత్తను బయటికి తీయమని చెప్పే పెద్దమనిషికి కూడా ఆ న్యాయమే వర్తిస్తుంది.

జేబుకు చెందిన మాట

గుర్రప్పందెం అదృష్టం మీద గాక నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పును పందెంరాయుళ్లు తరచు ఉదహరిస్తారు. మాట నిజమే. కాని ఎవరి నైపుణ్యం? గుర్రం నైపుణ్యం, జాకీ నైపుణ్యం, శిక్షకుని నైపుణ్యం, ఏళ్ల తరబడి రికార్డులు చదివినవాని నైపుణ్యం. గుర్రాన్ని కంటితో చూడకుండా, ఎవరో చెప్పిన టిప్పు విని, ఫోనులో వేలు నొక్కేవానికి ఏ నైపుణ్యమూ లేదు. అతనికి అది లాటరీయే. టిప్పు అమ్మేవానికి నిజంగా గెలిచే గుర్రం తెలిసివుంటే దాన్ని రెండు వందలకు అమ్ముకోవలసిన అగత్యం ఏమిటో ఒక్కసారి ఆలోచించాలి.

ఇక లెక్క. అమెరికాలో పందెం డబ్బంతా ఒకచోట పోగుచేసి, అందులో నూటికి పదిహేను పైచిలుకు నిర్వాహకులు, ప్రభుత్వం తీసుకున్న తర్వాతనే మిగిలినది గెలిచినవారికి పంచుతారు. అంటే గుర్రం ఏదయినా, పందెం కట్టేవారందరూ కలిసి ప్రతిసారీ నూటికి పదిహేను నష్టపోతూనే వుంటారు. వంద రూపాయలు అలా పది పందేలు తిరిగితే సగటున ఇరవై రూపాయలు కూడా మిగలవు. ఇక్కడ పరిస్థితి ఇంకా కటువు. గుర్రప్పందేల మీద వస్తు సేవల పన్ను 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీద నూటికి 28 వుండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 40కి పెంచారు. ఇంత కోత పోయాక కూడా లాభం మిగలాలంటే ఎంత జోస్యం తెలియాలి?

పన్ను తప్పించుకుందామని లైసెన్సు లేని బుకీల దగ్గరకు పోయేవారి గతి మరీ అన్యాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు ఇవ్వనంటే కోర్టుకు పోయి రాబట్టుకునే దారి లేదు. ఓడిన డబ్బు మాత్రం బుకీ చట్టంతో పని లేకుండానే వసూలు చేసుకుంటాడు. ఆ డబ్బు ఎక్కడిది? పొగాకు అమ్మిన డబ్బు, మిర్చి అమ్మిన డబ్బు, అదీ చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. వాన ఎప్పుడు పడుతుందో, ధర ఎప్పుడు పడిపోతుందో తెలియక ఏటా ఒక పెద్ద పందెం ఆడుతున్నవాడే రైతు. అతనికి రెండో పందెం అక్కరలేదు.

గుర్రప్పందేన్ని చూడవద్దని ఎవరూ అనరు. పశువును ఎరిగిన జిల్లా ఇది. మంచి గుర్రం పదో ఫర్లాంగులో మెడ చాచి దౌడు తీస్తుంటే చూడడం కళ్లకు పండుగ. డెర్బీ పందేలు ఇప్పుడు పాతవీ కొత్తవీ ఫోనులోనే చూడవచ్చు. ముందు పందేలు చూసి, పైన చెప్పిన ప్రశ్నలు వేసుకుని, నలుగురూ కూర్చుని ఫలానాది గెలుస్తుందని వాదించుకోవడంలో తప్పు లేదు. ఆ జోస్యాన్ని ఒక కాగితం మీద రాసి రచ్చబండ దగ్గరి టీ కొట్టులో పెట్టి, పందెం అయిన మర్నాడు విప్పి చూసుకుంటే సరదాకు సరదా, పాఠానికి పాఠం. అయిదేళ్ల కాగితాలు పోగైన తర్వాత ఎన్ని తప్పాయో లెక్క వేసుకుంటే, ఆ జోస్యాల మీద డబ్బు పెట్టనందుకు ఎంత మిగిలిందో కూడా తెలిసిపోతుంది.